తర్కానికి రూపరేఖ: సికింద్రాబాదు రైల్వే సిగ్నలింగ్‌లో అల్గారిథమ్ దృశ్యీకరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్‌నూ అల్గారిథమ్‌లనూ బొమ్మల ద్వారా బోధపరచడం కంప్యూటరు శాస్త్రంలో 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో రూపుదిద్దుకున్న పద్ధతిగా సాధారణంగా పరిగణిస్తారు. కంటికి కనిపించని నియమాలను మనిషి చూసి అర్థం చేసుకునేట్లు చేసే ప్రయత్నం రైల్వే సిగ్నలింగ్‌లో అంతకుముందే మొదలైంది. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రస్థానమూ, సిగ్నల్ ఇంజనీర్ల శిక్షణకు నెలవూ అయిన సికింద్రాబాదును ఆధారం చేసుకొని, ఇంటర్‌లాకింగ్ పట్టిక, దీపాల ప్యానెల్, కంట్రోల్ చార్ట్, డేటాలాగర్, కవచ్ అనే ఐదు సాధనాల ద్వారా ఈ చరిత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. బొమ్మ స్పష్టంగా ఉండటం ఒక గుణం, సత్యంగా ఉండటం మరొక గుణం అనే విషయాన్ని ఇది ప్రధానంగా ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దృశ్యీకరణ, అల్గారిథమ్, ఇంటర్‌లాకింగ్, రిలే, ఇరిసెట్, డేటాలాగర్, కవచ్, సికింద్రాబాదు.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. వాడి వద్ద గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే మార్గంతో కలిసేట్లుగా నిజాం రాజ్యం వేయించిన ఆ దారి తరువాతి కాలంలో బెజవాడ వైపూ మన్మాడు వైపూ విస్తరించింది. నిజాం రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాదు దాని ప్రధాన కార్యాలయమైంది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1957 నవంబరు 24న, భారతీయ రైల్వేల సిగ్నల్, టెలికమ్యూనికేషన్ ఇంజనీర్లకు శిక్షణనిచ్చే సంస్థ ఇక్కడ మొదలైంది. తార్నాకలో ఉన్న ఆ సంస్థను రైల్వే వర్గాలు ఇరిసెట్ అని పిలుస్తాయి.

ఈ నగర రైల్వే చరిత్రను స్టేషన్లు, వంతెనలు, పాలకులు, కార్మికోద్యమాలు అనే కోణాల నుంచి చూడటం పరిపాటి. దీనికి మరొక పార్శ్వం ఉంది. రెండు రైళ్లు ఒకే పట్టా మీదికి రాకూడదన్నది చిన్న వాక్యం. పదుల కొద్దీ పాయింట్లూ సిగ్నళ్లూ ఉన్న యార్డులో ఆ వాక్యాన్ని అమలుచేయడానికి చాలా పెద్ద నియమసముదాయం కావాలి. ఆ నియమాలన్నిటినీ ఎవరూ నిరంతరం మనసులో ఉంచుకోలేరు. అందువల్ల యంత్రం నియమాలను పాటిస్తుంది. మనిషికి వాటి ఫలితం బొమ్మగా కనిపిస్తుంది. నేడు సాఫ్ట్‌వేర్ దృశ్యీకరణ అంటున్న అంశానికి ఇది తొలి రూపాలలో ఒకటి.

2. పట్టికలోని అల్గారిథమ్

ఒక స్థితి నుంచి మొదలై, నిర్ణీతమైన మెట్ల ద్వారా, నిర్ణీతమైన ఫలితానికి చేర్చే విధానమే అల్గారిథమ్. ఇంటర్‌లాకింగ్ ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది. 1856లో ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ పొందిన పేటెంటుతో పాయింట్లనూ సిగ్నళ్లనూ పరస్పరం బంధించే యంత్రాలకు దారి ఏర్పడింది. ఒక లీవరు లాగితే దానికి విరుద్ధమైన లీవర్లు కదలకుండా ఇనుప పలకలు అడ్డుపడటం దాని సారాంశం.

ఒక మెయిన్ లైను, ఒక లూప్ లైను ఉన్న చిన్న స్టేషను ఉదాహరణ తీసుకోవచ్చు. రైలును మెయిన్ లైను మీదికి రానివ్వాలంటే పాయింటు సాధారణ స్థితిలో ఉండి, అక్కడే తాళం పడి ఉండాలి. మెయిన్ లైను ఖాళీగా ఉండాలి. ఎదురుగా అదే లైను మీదికి మరో రైలును రానిచ్చే సిగ్నల్ ఎర్రగా ఉండాలి. లూపులోకి రానివ్వాలంటే పాయింటు తిరగబడిన స్థితిలో ఉండాలి. మిగిలిన నియమాలు లూపుకు వర్తిస్తాయి. ఈ రెండు దారులకు పట్టికలో రెండు వరుసలు చాలు. దారులు పెరిగిన కొద్దీ వరుసలు పెరుగుతాయి; ఒక్కొక్క దారి మరెన్ని దారులతో విభేదిస్తుందో చూడవలసి రావడం వల్ల ప్రతి వరుసా పొడుగవుతుంది. సికింద్రాబాదు వంటి జంక్షనులో ఈ పట్టిక ఒక పుస్తకమంత అవుతుంది. దానిని తయారుచేసి సరిచూడటం నిపుణుల పని. రైలు హారన్ వేస్తుండగా ఆ పుస్తకం తిరగేసే తీరిక స్టేషన్ మాస్టరుకు ఉండదు.

ఈ నియమాలకూ కంప్యూటరు శాస్త్రానికీ బంధుత్వం పోలిక వద్ద ఆగిపోదు. రిలేలతో నిర్మించే వలయాలను బీజగణిత సమీకరణాలుగా రాయవచ్చునని క్లాడ్ షానన్ 1937లో తన స్నాతకోత్తర సిద్ధాంతపత్రంలో నిరూపించారు. అంకాత్మక కంప్యూటర్ల రూపకల్పనకు ఆ పత్రం పునాది అయింది. ఒకే వనరు కోసం రెండు ప్రోగ్రాములు పోటీపడకుండా 1960లలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ప్రతిపాదించిన సాధనానికి సెమాఫోర్ అని పేరు. రైల్వే చేతి సిగ్నల్ పేరే అది. కంప్యూటరు శాస్త్ర విద్యార్థి ఆపరేటింగ్ సిస్టమ్ పాఠంలో నేర్చుకునే పరస్పర నిరోధం, పట్టాల మీద అంతకు శతాబ్దం ముందే అమలులో ఉంది.

3. లీవరు నుంచి దీపాల ప్యానెల్ వరకు

లీవర్ల క్యాబిన్‌లో నియమాన్ని చేతితో అనుభవించవచ్చు. తప్పు లీవరు కదలదు. ఆ నిరోధమే సమాచారం. కాని ఎందుకు కదలలేదో లీవరు చెప్పదు. యార్డు స్థితిని కిటికీలోంచి చూసి తెలుసుకోవాలి. రాత్రిపూట, వర్షంలో, మలుపు దాటిన తరువాత ఆ చూపు చాలదు.

ఈ లోటును రెండు ఆవిష్కరణలు తీర్చాయి. 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ మొదటిది. పట్టాల గుండా స్వల్ప విద్యుత్తును పంపి, ఆవలి చివర రిలేను పైకి ఎత్తి ఉంచుతారు. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలిపినప్పుడు రిలే పడిపోతుంది. తీగ తెగినా, విద్యుత్తు పోయినా రిలే పడిపోతుంది. అనుమానం కలిగిన ప్రతిసారీ అది రైలు ఉన్నట్లే చెబుతుంది. రెండవది దీపాల పటం. లండన్‌లో డిస్ట్రిక్ట్ రైల్వే 1905లోనే దీనిని వాడింది. పట్టాల నమూనా గీసిన పలక మీద ట్రాక్ సర్క్యూట్ల స్థితి దీపాలుగా కనిపించడంతో, క్యాబిన్‌లోని మనిషి మొదటిసారిగా కిటికీ అవసరం లేకుండా యార్డును చూడగలిగాడు.

భారతదేశంలో 1950ల చివర బొంబాయి శివారు మార్గాలలో మొదలైన ప్యానెల్ ఇంటర్‌లాకింగ్ తరువాత దేశమంతటా వ్యాపించింది. ఈ ప్యానెల్ భాష చాలా పొదుపైనది. పట్టా ఖాళీగా ఉంటే దీపం వెలగదు. స్టేషన్ మాస్టర్ దారి మొదట ఉన్న సిగ్నల్ బటన్‌నూ, గమ్యం వద్ద ఉన్న రూటు బటన్‌నూ ఒకేసారి నొక్కితే యంత్రం పాయింట్లను తిప్పి, తాళం వేసి, నియమాలన్నీ సరిపోయాక ఆ దారి పొడుగునా తెల్లని దీపాల వరుసను వెలిగిస్తుంది. రైలు ప్రవేశించిన చోట తెలుపు ఎరుపు అవుతుంది. రైలు దాటిపోయి, ఆ భాగం విడుదలైన వెంటనే దీపాలు ఆరిపోతాయి. అల్గారిథమ్ నడక అంతా ఈ మూడు స్థితులలో చదవవచ్చు: చీకటి, తెలుపు, ఎరుపు.

రెండు బటన్లు ఒకేసారి నొక్కాలన్న నియమంలో కూడా ఆలోచన ఉంది. పొరపాటున ఒక వేలు తగిలితే ఏ దారీ ఏర్పడదు. ఏర్పడిన దారిని రైలు దగ్గరపడిన తరువాత అత్యవసరంగా రద్దు చేస్తే, 120 సెకన్లు గడిచే దాకా తాళం విడదు. పక్కనున్న కౌంటరులో అంకె ఒకటి పెరుగుతుంది. ఆ అంకెనూ కారణాన్నీ రిజిస్టరులో రాయాలి. ప్యానెల్ ఈ విధంగా వర్తమానాన్ని చూపడంతోపాటు జరిగినదానికి సాక్ష్యం కూడా పలుకుతుంది.

4. ఆజ్ఞ వేరు, స్థితి వేరు

దృశ్యీకరణకు సంబంధించి సిగ్నలింగ్ అందించిన అతి ముఖ్యమైన సూత్రం రిలేల పేర్లలో ఉంది. పాయింటును సాధారణ స్థితికి తిప్పమని ఆజ్ఞాపించే రిలే పేరు ఎన్‌.డబ్ల్యు.ఆర్. పాయింటు నిజంగా ఆ స్థితికి వచ్చి తాళం పడిందని నిర్ధారించే రిలే పేరు ఎన్‌.డబ్ల్యు.కె.ఆర్. ఈ రెండింటికీ తేడా ‘కె’ అనే ఒక్క అక్షరం. స్థితిని పసిగట్టి తెలిపే రిలేకు అది గుర్తు. ప్యానెల్ మీది దీపమూ, సిగ్నల్‌ను పచ్చగా మార్చే వలయమూ ‘కె’ ఉన్న రిలేనే నమ్మాలి. తిప్పమని చెప్పాం గనుక తిరిగి ఉంటుందన్న ఊహకు ఇక్కడ చోటు లేదు.

సాధారణ సాఫ్ట్‌వేర్‌లో ఈ భేదాన్ని తరచుగా విస్మరిస్తారు. బటన్ నొక్కగానే తెర మీద పని పూర్తయినట్లు చూపడం, అసలు పని తరువాత విఫలం కావడం వాడుకరులకు అనుభవమే. ఉత్తరం పోకపోతే నష్టం చిన్నది. పాయింటు తిరగకపోతే నష్టం ప్రాణాలతో కూడినది. అందువల్లనే సిగ్నల్ ఇంజనీరు బొమ్మ అందాన్ని కాక, బొమ్మకూ పట్టాకూ మధ్యనున్న ప్రతి తీగనూ ముందుగా పరీక్షిస్తాడు.

5. కాలాన్ని గీయడం: కంట్రోల్ చార్ట్

ప్యానెల్ ఒక స్టేషనును చూపుతుంది. వందల కిలోమీటర్ల సెక్షను మీద ఏ రైలును ఎక్కడ ఆపాలి, దేనిని ముందు వదలాలి అన్నది వేరే సమస్య. డివిజన్ కార్యాలయంలోని సెక్షన్ కంట్రోలర్ దీనికి వాడే సాధనం కంట్రోల్ చార్ట్. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ప్రతి రైలూ ఒక ఏటవాలు గీత. 19వ శతాబ్దిలో ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మారే తన గ్రంథంలో పారిస్–లియోన్ రైళ్ల పటాన్ని ప్రచురించి ఈ పద్ధతిని ప్రసిద్ధం చేశారు.

ఈ చార్ట్‌లో గీత నిటారుగా ఉంటే రైలు వేగంగా వెళుతున్నట్లు. అడ్డంగా సాగితే ఆగి ఉన్నట్లు. ఏకమార్గంలో ఎదురెదురు గీతలు స్టేషను గీత మీదనే ఖండించుకోవాలి. రెండు స్టేషన్ల మధ్య ఖండించుకుంటే ఆ ప్రణాళిక చెల్లదని చూపుతోనే తెలుస్తుంది, లెక్క వేయనక్కరలేదు. మంచి దృశ్యీకరణ లక్షణం ఇదే: తప్పు అనేది బొమ్మలో తప్పుగానే కనిపించాలి. దశాబ్దాలపాటు పెన్సిలుతో గీసిన ఈ చార్ట్ తరువాత రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన సాఫ్ట్‌వేర్ ద్వారా కంప్యూటరు తెర మీదికి మారింది. తెర మారినా బొమ్మ మారలేదు. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు మొదలై, జంటనగరాల పట్టాల మీద దూరప్రాంతపు రైళ్లతో కలిసి నడవడంతో ఇటువంటి ప్రణాళిక అవసరం మరింత పెరిగింది.

6. తరగతి గదిలో బొమ్మ: ప్రపంచ అనుభవం

కంప్యూటరు శాస్త్రం తన సొంత మార్గంలో ఇదే చోటికి చేరింది. 1947లో గోల్డ్‌స్టైన్, ఫాన్ నోయ్‌మన్ ప్రోగ్రాముల నడకను గీతల పటాలుగా రాశారు. 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ బేకర్, తొమ్మిది వరుసక్రమ పద్ధతులను పోల్చుతూ అరగంట చలనచిత్రం తీశారు. ఆ తరువాత కొద్దికాలానికే బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మార్క్ బ్రౌన్, రాబర్ట్ సెడ్జ్‌విక్ రూపొందించిన బాల్సా వ్యవస్థలో విద్యార్థులు అల్గారిథమ్ నడుస్తుండగానే చూడగలిగారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా వర్చువల్ ల్యాబ్స్ పథకంలో భాగంగా ఇటువంటి అంతర్జాల ప్రయోగాలను రూపొందించింది.

ఈ కృషి ఫలితాలపై హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో 2002లో 24 ప్రయోగాత్మక అధ్యయనాలను క్రోడీకరించి పరిశీలించారు. విద్యార్థి ఏ బొమ్మ చూశాడన్నదాని కన్నా, ఆ బొమ్మతో ఏమి చేశాడన్నదే ముఖ్యమని వారు తేల్చారు. కేవలం చూసినవారికి కలిగిన ప్రయోజనం తక్కువ. తరువాతి మెట్టును ఊహించి చెప్పినవారికి, తామే నడిపినవారికి ప్రయోజనం ఎక్కువ.

సిగ్నలింగ్ శిక్షణ ఈ నిర్ణయానికి అనుభవం ద్వారా ముందే చేరింది. ఇరిసెట్ వంటి సంస్థలలో బోధన నల్లబల్ల దగ్గర ముగియదు. ప్రయోగశాలలు దానిలో అంతర్భాగం. శిక్షణార్థి పరికరం ముందు కూర్చొని దారి ఏర్పరచాలి, విరుద్ధమైన దారిని అడిగి యంత్రం నిరాకరించడం చూడాలి, ఒక తీగ ఊడినప్పుడు ఏ దీపం ఆరుతుందో ముందుగా చెప్పగలగాలి. నిరాకరణను అర్థం చేసుకున్నవాడికే నియమం అర్థమైనట్లు.

7. రిలే గది నుంచి సాఫ్ట్‌వేర్‌కు

రిలేల కాలంలో తర్కం కనీసం ఒక గదిలో ఉండేది. వందలాది రిలేలు ఎత్తుకుంటూ పడుతూ చేసే చప్పుడును బట్టి లోపం ఏ వరుసలో ఉందో పసిగట్టే నిపుణులు ఉండేవారు. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ రావడంతో ఆ వలయాలలో అధికభాగం ప్రోగ్రాములోని సమీకరణాలయ్యాయి. స్థలం తగ్గింది, మార్పులు సులభమయ్యాయి. తర్కం మాత్రం కంటికీ చెవికీ దూరమైంది. దారి ఏర్పడకపోతే అందుకు కారణం ఒక చిన్న పెట్టెలోపల ఉంటుంది.

ఈ అదృశ్యతకు సమాధానంగా డేటాలాగర్ ప్రాముఖ్యం పెరిగింది. ప్రతి రిలే, ప్రతి బటన్, ప్రతి సిగ్నల్ స్థితి మారిన క్షణాన్ని అది కాలముద్రతో నమోదు చేస్తుంది. విజయవాడలోని ఎఫ్‌ట్రానిక్స్ సంస్థ ఈ పరికరాల తయారీలో పేరుపొందింది. నమోదైన వరుసలను చదివితే అంకెల రాశి మాత్రమే. వాటినే యార్డు పటం మీద తిరిగి నడిపిస్తే, జరిగిన సంఘటన మరలా కళ్లముందు కదులుతుంది. ప్రోగ్రామర్లు లోపాలు వెతకడానికి వాడే మెట్టువారీ పరిశీలనకు ఇది సాటి. ప్యానెల్ ఇప్పుడేమి జరుగుతోందో చెబుతుంది. డేటాలాగర్ ఏ క్రమంలో జరిగిందో చెబుతుంది. కారణాన్వేషణకు క్రమమే కీలకం.

8. బొమ్మ అబద్ధమైన వేళ

2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం 290 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. షాలిమార్ నుంచి తెలుగు ప్రాంతాల మీదుగా చెన్నై వెళ్లే రైలు అది. ఆ రైలుకు మెయిన్ లైనులో సూటిగా వెళ్లమని పచ్చ సిగ్నల్ వచ్చింది. మెయిన్ లైనును లూపుతో కలిపే క్రాస్ఓవరు మాత్రం లూపు వైపే తిరిగి ఉంది. రైలు లూపులోకి వెళ్లి అక్కడ నిలిచి ఉన్న గూడ్సును వెనుకనుంచి ఢీకొన్నది. గతంలో సిగ్నల్ వలయంలో చేసిన మార్పులోనూ, లెవెల్ క్రాసింగ్ గేటు అడ్డుకమ్మి మార్పిడికి సంబంధించిన పనిలోనూ జరిగిన లోపాలే ఇందుకు కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

ఈ దుర్ఘటన దృశ్యీకరణ చరిత్రలో కూడా పాఠమే. నియమాల పట్టికలో దోషం లేదు. ఆ నియమాలకు అందిన సమాచారమే తప్పు. పట్టా స్థితిని తెలిపే తీగ మరో చోట కలిస్తే, ఎంత కచ్చితమైన అల్గారిథమ్ అయినా అబద్ధాన్ని క్రమం తప్పకుండా ప్రదర్శిస్తుంది. చూసే మనిషికి సందేహించే ఆస్కారం కూడా ఉండదు. కిటికీలోంచి చూసే కాలంలో కన్ను పొరబడితే అనుమానం మిగిలేది. దీపం పొరబడినప్పుడు అనుమానం కూడా మిగలదు. కనుక తీగ మార్చిన ప్రతిసారీ దీపానికీ పాయింటుకూ మధ్య పొంతనను పట్టా దగ్గర నిలబడి సరిచూడటం కాగితం మీది లాంఛనం కాదు. బొమ్మకు విలువ ఆ పరీక్ష నుంచే వస్తుంది.

9. కవచ్: లోకో పైలట్ ముందుకు వచ్చిన తర్కం

దాదాపు శతాబ్దంన్నర పాటు ఇంటర్‌లాకింగ్ తర్కం స్టేషన్ మాస్టరుకు బొమ్మగా, లోకో పైలట్‌కు దారి పక్కన దీపంగా మాత్రమే అందింది. పొగమంచులో ఆ దీపం కూడా కనబడదు. ఈ స్థితిని మార్చే ప్రయత్నానికి సికింద్రాబాదు పరిసరాలే పరీక్షాస్థలమయ్యాయి. లక్నోలోని పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. రూపొందించిన ఈ వ్యవస్థను దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాలలో పరీక్షించారు. ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. తొలి సరఫరాదారులు మేధా, హెచ్‌.బి.ఎల్., కెర్నెక్స్ మూడూ హైదరాబాదు సంస్థలే. 2020 జూలైలో కవచ్‌ను జాతీయ రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులోని గుల్లగూడ–చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా నడిపిన ఇంజన్లలో ఒకటి రెండవదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గానికి ఈ వ్యవస్థ చేరింది.

కవచ్‌లో పట్టాల మధ్య అమర్చిన ట్యాగులు ఇంజనుకు తానెక్కడున్నదో తెలుపుతాయి. స్టేషను నుంచి రేడియో ద్వారా ముందున్న సిగ్నల్ స్థితీ, ఎంతదూరం వెళ్లవచ్చో అందుతాయి. క్యాబ్‌లోని తెర వేగాన్ని, అనుమతించిన వేగాన్ని, మిగిలిన దూరాన్ని, సిగ్నల్ రంగును చూపుతుంది. లోకో పైలట్ స్పందించకపోతే యంత్రమే బ్రేకు వేస్తుంది. ఇక్కడ బొమ్మకు కొత్త బాధ్యత వచ్చింది. యంత్రం తనకు తానై బ్రేకు వేయబోతున్నప్పుడు, అందుకు కారణం ముందుగా మనిషికి తెలియాలి. తెలియకపోతే సహాయం కూడా ఆటంకంగా తోస్తుంది. అయితే స్టేషన్ కవచ్ యూనిట్ సిగ్నల్ సమాచారాన్ని ఇంటర్‌లాకింగ్ నుంచే తీసుకుంటుంది గనుక, నాలుగవ విభాగంలో పేర్కొన్న సూత్రం దీనికీ అంతే వర్తిస్తుంది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు నిర్ధారణకు వస్తాయి.

• అల్గారిథమ్‌ను బొమ్మగా చూపే ప్రయత్నం కంప్యూటరుతో మొదలుకాలేదు. ఇంటర్‌లాకింగ్ ప్యానెల్, కంట్రోల్ చార్ట్ దానికి పూర్వరూపాలు.

• ఉపయోగకరమైన బొమ్మ అన్నిటినీ చూపదు. పట్టికలోని వేల నిబంధనలను ప్యానెల్ మూడు స్థితులకు కుదించడం వల్లనే స్టేషన్ మాస్టర్ పని సాధ్యమవుతోంది.

• బొమ్మ ఆజ్ఞను కాక నిర్ధారిత స్థితిని చూపాలి. ఈ నియమం తప్పినచోట స్పష్టతే ప్రమాదకారణమవుతుంది.

• చూడటం కన్నా నడిపి చూడటం వల్ల అవగాహన పెరుగుతుంది. సిగ్నలింగ్ శిక్షణానుభవమూ 2002 నాటి అధ్యయనమూ ఈ విషయంలో ఏకీభవిస్తాయి.

బ్యాంకు రుణాల నుంచి వైద్య నిర్ణయాల వరకు అనేక రంగాలలో సాఫ్ట్‌వేర్ మనుషుల తరఫున తీర్పులు చెబుతున్న కాలమిది. ఆ తీర్పుల వెనుక తర్కాన్ని సామాన్యులకు ఎలా చూపాలన్న చర్చలో రైల్వే సిగ్నలింగ్ అనుభవం ఇంతవరకు తగినంత స్థానం పొందలేదు. తెలుగులో సాంకేతిక చరిత్ర రాసేవారికి సికింద్రాబాదు ఈ విషయంలో సమృద్ధమైన క్షేత్రం. పాత ప్యానెళ్లు తొలగి తెరలు వస్తున్న ఈ సమయంలోనే ఆ ప్యానెళ్లనూ, వాటి పట్టికలనూ, వాటి ముందు పనిచేసినవారి అనుభవాలనూ నమోదు చేయడం అవసరం.